చీర పేలికల జోకర్ వేషంతో కొలోన్ కార్నివాల్‌లోకి

ముందు నా పరువు పోయిన సంగతి చెప్పేస్తాను, కనీసం మీరు ఆ తప్పు చెయ్యకుండా ఉంటారు. జర్మనీకి వచ్చిన మొదటి ఏడాది మేం డ్యూసెల్‌డార్ఫ్‌లో ఉన్నాం. అక్కడ కార్నివాల్ ఊరేగింపులో అందరూ "హెలావ్!" అని అరుస్తారు. రెండో ఏడాది ఉద్యోగం మారి, నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న కొలోన్‌కి వచ్చాం. ఊరేగింపు బండి మా ముందుకి రాగానే పాపని భుజం మీదికెత్తుకుని గొంతు చించుకుని "హెలావ్!" అన్నాను. చుట్టుపక్కల ఇరవై మంది ఒక్కసారిగా తిరిగి చూశారు. తేనెటీగ వేషంలో ఉన్న ఒక పెద్దాయన నా దగ్గరికొచ్చి, చావు కబురు చెప్పే గొంతుతో, "ఇక్కడ ఆ మాట అనరు. అలాఫ్ అనాలి" అన్నాడు.

కాబట్టి మొదటి పాఠం ఇదే. కొలోన్‌లో "క్యోల్లె అలాఫ్". క్యోల్లె అంటే ఈ ఊరివాళ్లు తమ యాసలో కొలోన్‌ని పిలుచుకునే పేరు. ఒకరు "క్యోల్లె" అంటే మిగతావాళ్లంతా చెయ్యెత్తి "అలాఫ్" అనాలి, మూడుసార్లు. డ్యూసెల్‌డార్ఫ్, మైంజ్ ఊళ్లలో హెలావ్. ఈ రెండూ కలిపితే మన దగ్గర ఒక హీరో సినిమాకి వెళ్లి ఇంకో హీరోకి జై కొట్టినట్టే.

ఏటా జనవరి రాగానే కొత్తగా వచ్చిన తెలుగు పిల్లలు, ముఖ్యంగా ఆహెన్‌లోనూ కొలోన్‌లోనూ చదువుకునేవాళ్లు, నన్ను ఒకటే అడుగుతారు: "అక్కా, ఎక్కడ నిలబడితే బాగా కనిపిస్తుంది?" నేను తిరిగి అడుగుతాను: "ఏం వేషం వేస్తున్నావు?" చాలామందికి ఆ ఆలోచనే ఉండదు. జీన్స్, నల్ల జాకెట్, చేతిలో ఫోన్. అలా వెళ్తే చలిలో నాలుగు గంటలు నిలబడి, ఫోటోలు తీసుకుని, "ఏముంది, తాగుబోతుల గోల" అనుకుంటూ తిరిగొస్తారు. నేనూ మొదటిసారి అలాగే అనుకున్నాను. వేషం వేసుకున్న ఏడాది మాత్రం ముక్కూ మొహం తెలియనివాళ్లు చెయ్యి పట్టుకుని గుంపులోకి లాగేశారు. అందుకే ఇక్కడ మిగతా సంగతులకన్నా వేషం గురించి ఎక్కువ రాస్తున్నాను.

ఎప్పుడు, ఎందుకు

ఈస్టర్‌కి ముందు క్రైస్తవులకి నలభై రోజుల ఉపవాస దీక్ష, మన కతోలికులు తపస్సుకాలం అంటారు. ఆ దీక్ష విభూది బుధవారంతో మొదలవుతుంది. ఒకప్పుడు ఆ రోజుల్లో మాంసం, గుడ్లు, వెన్న ముట్టేవాళ్లు కాదు. ఇంట్లో ఉన్న కొవ్వూ గుడ్లూ ఖాళీ చెయ్యాలి కాబట్టి అంతకు ముందు రోజుల్లో వేపుళ్లు, విందులు, ఆటపాటలు. కొలోన్ యాసలో కార్నివాల్‌ని ఫాస్టెలోవెండ్ అంటారు, ఉపవాసానికి ముందు సాయంత్రం అని. బేకరీల్లో ఇప్పటికీ ఆ వారం జామ్ నింపి నూనెలో వేయించిన బెర్లీనర్లు గుట్టలుగా పేరుస్తారు. మా ఇంట్లో వాటిని జామ్ బూరెలు అంటాం.

గుంటూరు నుంచి వచ్చిన కతోలిక స్నేహితురాలు ఒకసారి అంది: "విభూది బుధవారం మాకూ ఉంది. నుదుట బూడిద పెట్టించుకుని ఉపవాసం మొదలుపెడతాం. కానీ దానికి ముందు ఈ తైతక్కలు మా ఊళ్లో ఎక్కడివి?"

ఈస్టర్ లెక్క చంద్రుణ్ణి బట్టి కాబట్టి తేదీలు ఏటా జరుగుతుంటాయి. 2027లో ఆడవాళ్ల గురువారం ఫిబ్రవరి 4, పెద్ద ఊరేగింపు సోమవారం ఫిబ్రవరి 8, విభూది బుధవారం ఫిబ్రవరి 10. 2028లో అవే వరసగా ఫిబ్రవరి 24, ఫిబ్రవరి 28, మార్చి 1. నిజానికి సీజన్ మొదలయ్యేది ముందు ఏడాది నవంబర్ 11న ఉదయం 11 గంటల 11 నిమిషాలకి. ఇక్కడ 11 పిచ్చోళ్ల అంకె. ఆ రోజు ఒక్క పూట గోల చేసి సద్దుమణుగుతారు, జనవరి నుంచి మళ్లీ రాజుకుంటుంది. అసలు వీధి పండగ మాత్రం ఆ గురువారం నుంచి మంగళవారం అర్ధరాత్రి దాకా, ఆరు రోజులు.

నేను తిరుపతి అమ్మాయిని. తాతయ్యగుంట గంగమ్మ జాతర చూస్తూ పెరిగినదాన్ని. వారం రోజులు రోజుకో వేషం: నామం కొమ్ము పూసుకుని బైరాగి వేషం, కుంకుమ పూసుకుని బండ వేషం, బొగ్గు పూసుకుని తోటి వేషం. మగవాళ్లు చీరలు కట్టుకుని, నగలు పెట్టుకుని, మొక్కు చెల్లించుకోవడానికి వస్తారు. నాయన చిన్నప్పుడు తోటి వేషం వేసి, వేపమండలు పట్టుకుని, వీధిలో పెద్దమనుషుల్ని కూడా బూతులు తిట్టేవాడట. ఆ రోజు ఎవరూ ఏమీ అనరు. అందుకే కొలోన్‌లో బ్యాంకు మేనేజర్లు కోడిపుంజు వేషంలో ట్రామ్ ఎక్కినప్పుడు మా ఆయన నోరెళ్లబెట్టాడు గాని, నాకు ఊరు గుర్తొచ్చింది. తేడా ఏమిటంటే జాతరలో వేషం అమ్మవారి మొక్కు, తిట్టు కూడా ఆమె పేరు మీదే. ఇక్కడ బుధవారం వచ్చేదాకా దేవుడి ఊసు పెద్దగా ఉండదు.

పేలికల కోటు కుట్టడం

ఇక్కడి పాత వేషాల్లో ఒకటి లాపెన్‌క్లౌన్, అంటే పేలికల జోకర్. ఒళ్లంతా రంగురంగుల గుడ్డ ముక్కలు వేలాడే కోటు. దుకాణంలో మంచిది కొనాలంటే జేబు ఖాళీ అవుతుంది, చవకది కొంటే మూడు గంటల్లో చిరుగుతుంది. మా పై ఇంటి ముసలావిడ తన కోటు చూపించినప్పుడు నాకు మా అవ్వ కుట్టిన బొంత కళ్ల ముందు మెదిలింది. మన ఇళ్లలో పాత చీరలకి కొదవేముంది?

పాతబట్టల సంతలో ఒక మామూలు కోటు కొనండి, మీ కొలత కన్నా రెండు సైజులు పెద్దది. ఇది ముఖ్యం, ఎందుకంటే దీని కింద మీ చలికోటు పట్టాలి. ఫిబ్రవరిలో ఇక్కడ రెండు మూడు డిగ్రీలు ఉండొచ్చు, పన్నెండూ ఉండొచ్చు, వాన మాత్రం ఎప్పుడైనా రావొచ్చు. కోటు మీద సుద్దతో అడ్డగీతలు గీయండి, గీతకీ గీతకీ ఆరు సెంటీమీటర్లు. నా కోటుకి అనుకోకుండా సరిగ్గా 11 వరసలు వచ్చాయి. ముసలావిడ అది లెక్కపెట్టి తెగ సంబరపడింది.

చీరని అయిదు సెంటీమీటర్ల వెడల్పు, ఇరవై నాలుగు సెంటీమీటర్ల పొడవు ముక్కలుగా కోయండి. ఒక్కో ముక్కని సగానికి మడిచి, మడత కిందికి వచ్చేలా, విడి అంచులు రెండూ కలిపి పైన కుట్టాలి. అప్పుడు కింద దారాలు లేవవు, ముక్క బరువుగా నిండుగా వేలాడుతుంది. అన్నిటికన్నా కింది వరసతో మొదలుపెట్టి పైకి వెళ్లండి. పెంకుటింటి కప్పు నేసినట్టే, పై వరస కింది కుట్టుని కప్పెయ్యాలి. నేను మొదట పైనుంచి మొదలుపెట్టి, నాలుగు వరసలయ్యాక మిషన్ కింద ముక్కలన్నీ చిక్కుకుపోయి, మొత్తం విప్పుకున్నాను.

కోటు చేతులతో కలిపి నాకు నాలుగు వందల యాభై దాకా ముక్కలు పట్టాయి. లెక్కకి ఒక్క చీర సరిపోతుంది, కానీ రంగులు కలవాలంటే నాలుగైదు చీరల్లోంచి కొంచెం కొంచెం తీసుకోవాలి. నూలు చీర తేలిగ్గా కుడుతుంది గాని వానలో తడిసి బరువెక్కుతుంది. సింథటిక్ చీరలు ఆరిపోతాయి, అయితే పక్క అంచులు జిగ్‌జాగ్ కత్తెరతో కోయాలి. ఎరుపూ తెలుపూ తప్పకుండా కలపండి, అవి ఈ ఊరి జెండా రంగులు. జరీ అంచు ముక్కలు అక్కడక్కడ వేస్తే ఎండ తగిలినప్పుడు తళతళలాడతాయి, చిన్నపిల్లలు వచ్చి ముట్టుకుని చూస్తారు.

వీడియో కాల్‌లో ఈ కోటు చూసి అమ్మ మొదట అడిగింది: "ఏమే, నీ పెళ్లి చీరల జోలికి పోలేదు కదా?" పోలేదు. నేను కోసింది పేరంటాల్లో వచ్చి బీరువాలో మురుగుతున్న చీరలు. ఎన్ని కోసినా ఇంకా మిగిలాయి.

కుట్టే ఓపిక లేదంటే ఇంకో దారి ఉంది. రంగుల విగ్గు, ఎర్ర ముక్కు, బుగ్గల మీద రెండు ఎర్ర చుక్కలు. అదీ చాలు. కానీ వేషం ఎంచుకునేటప్పుడు ఒక్క ఆలోచన చెయ్యండి. నాయన తోటి వేషం ఇక్కడ వేద్దామని నాకు ఒక ఏడాది గట్టిగా అనిపించింది. మొహానికి బొగ్గు పూసుకుంటే మన జాతరలో దానికున్న అర్థం వేరు. ఇక్కడ నల్లజాతివాళ్లని వెక్కిరించినట్టు అవుతుంది, చూసేవాళ్లకి తిరుపతి సంగతి తెలియదు కదా. మానుకున్నాను. అలాగే వేరే జాతుల, మతాల బట్టల్ని వేళాకోళంగా వెయ్యడం మీద ఇక్కడ ఏటా తగాదా నడుస్తుంది, అందులో తల దూర్చకపోవడమే మేలు.

గురువారం: టై కట్టుకున్నవాళ్లు జాగ్రత్త

దీని పేరు వైబర్‌ఫాస్ట్‌నాఖ్ట్. ఆ రోజు ఊరి మీద పెత్తనం ఆడవాళ్లది. ఈ వరస 1824లో బాన్ పక్కన బోయెల్‌లో మొదలైందని చెబుతారు. మగవాళ్లు కార్నివాల్‌లో తాగి తిరుగుతుంటే చాకిరేవు ఆడవాళ్లు తమకూ ఒక రోజు కావాలని సంఘం కట్టారు. ఇప్పుడు ఆఫీసుల్లో ఆడవాళ్లు కత్తెరలు పట్టుకుని మగవాళ్ల టైలు కోస్తారు. తెలిసినవాళ్లు పనికిరాని పాత టై కట్టుకొస్తారు, కోసినందుకు బుగ్గ మీద ఒక ముద్దు దక్కుతుంది.

కొయ్యడానికి ముందు ఒక్క మాట అడగండి. హాంబుర్గ్ నుంచో మ్యూనిక్ నుంచో పని మీద వచ్చినవాడికి ఇదేమీ తెలియకపోవచ్చు. మా ఆఫీసుకి అలా హాంబుర్గ్ నుంచి వచ్చిన ఒకాయన పట్టు టై నా కత్తెరకి సగం బలైంది. ఆయన నవ్వలేదు. ఎస్సెన్‌లో 1980లలో ఇలాంటి తగువు ఒకటి కోర్టుదాకా వెళ్లి, టై పోగొట్టుకున్నవాడికి పరిహారం ఇప్పించారు. నేను ఆయనకి కొత్త టై కొనిచ్చి, కాఫీ తాగించి బతికిపోయాను.

ఆ రోజు 11 గంటల 11 నిమిషాలకి పాతబస్తీలో ఆల్టర్ మార్క్ట్ చౌకులో వీధి పండగ మొదలవుతుంది. జనంలో ఊపిరాడకపోవడం ఇష్టమైతే వెళ్లండి, తెల్లారే వెళ్లాలి. ఇక ట్సూల్పిషర్ వీధి, విద్యార్థులంతా పోయేది అక్కడికే. మధ్యాహ్నానికే ఆ వీధి కిక్కిరిసి, బారికేడ్లు పెట్టి మూసేస్తారు. అక్కడ పండగ కన్నా తాగుడే ఎక్కువ అని నా అభిప్రాయం. ఇరవై ఏళ్లవాళ్లు నా మాట వినరని కూడా తెలుసు. సరే, వెళ్తే గాజు సీసాలు తీసుకెళ్లకండి, ఆ ప్రాంతాల్లో నిషేధం. అవసరానికి గోడ చాటుకి వెళ్తే జరిమానా పడుతుంది.

శుక్రవారం పడుకోండి. శనివారం రాత్రి దెయ్యాల ఊరేగింపు జరిగే ఏడాదైతే తప్పక వెళ్లండి. బండ్లుండవు, మిఠాయిలుండవు, డప్పులూ దీపాలూ దెయ్యం వేషాలూ. 1991లో గల్ఫ్ యుద్ధం వల్ల పెద్ద ఊరేగింపు రద్దయినప్పుడు జనం తమంతట తామే వీధిలోకొచ్చి నడిచారు, దాంట్లోంచి పుట్టింది. ఎవరైనా చేరిపోవచ్చు. ఆ డప్పులు వింటే మనవాళ్ల కాళ్లు ఊరుకోవు.

ఆదివారం: నా ఓటు దీనికే

సోమవారం పెద్ద ఊరేగింపు టీవీలో చూసినా ఫరవాలేదు, ఆదివారం బడుల, పేటల ఊరేగింపు మాత్రం వదలకండి. స్కూలు పిల్లలు, టీచర్లు, పేటల్లోని సంఘాలవాళ్లు తాము కుట్టుకున్న వేషాలతో నడుస్తారు. ఒక ఏడాది ఒక బడి పిల్లలంతా పళ్లతోముకునే బ్రష్షులు అయ్యారు. బాగా చేసిన గుంపుల్ని మర్నాడు పెద్ద ఊరేగింపులో నడవనిస్తారు. నడిచేవాళ్లు ఎక్కువ కాబట్టి మిఠాయి మీ మొహాన పడదు, చేతికే ఇస్తారు. చిన్నపిల్లలున్నవాళ్లకి ఇదే హాయి.

మిఠాయిల్ని ఇక్కడ కమెల్లె అంటారు. "కమెల్లె!" అని అరవాలి, అరిచేటప్పుడు విసిరేవాడి కళ్లలోకి చూడాలి. వేషం లేనివాడి సంచిలో ఎంత పడిందో, మా పాప సంచిలో ఎంత పడిందో పోల్చి చూశాను, అందుకే చెబుతున్నాను. గుడ్డసంచి తీసుకెళ్లండి. కొందరు గొడుగు తిరగేసి పట్టుకుంటారు. పక్కనున్న పిల్లల నోటికాడిది లాక్కున్నట్టుంటుంది నాకు. పువ్వుల చిన్న గుత్తులు కూడా ఇస్తారు, వాటిని ష్ట్రూస్యర్ అంటారు, అవి విసరరు, మనిషిని చూసి ఇస్తారు. ఈ పంచిపెట్టే ఖర్చులో చాలావరకు నడిచేవాళ్లు తమ జేబులోంచే పెట్టుకుంటారు. సోమవారం ఒక్కరోజే దాదాపు 300 టన్నుల మిఠాయిలు పంచుతారని లెక్క.

శాకాహారులకి, పంది మాంసం తిననివాళ్లకి ఒక మాట. ఆ సంచిలోని రంగురంగుల గమ్మీలు చాలావాటిలో పంది చర్మం నుంచి తీసిన జెలటిన్ ఉంటుంది. పొట్లం వెనక "గెలటీనె" అన్న మాట వెతకండి, పక్కన "ష్వైన్" అని ఉంటే పంది, "రిండ్" అని ఉంటే గొడ్డు. మేం ఇంటికొచ్చి నేల మీద దుప్పటి పరిచి అన్నీ గుమ్మరిస్తాం. చాక్లెట్లు ఒక కుప్ప, గమ్మీలు ఒక కుప్ప, పాప్‌కార్న్ ఒక కుప్ప. గమ్మీల కుప్ప కింది ఇంటి కుర్రాళ్లకి, వాళ్ల చాక్లెట్లలో సగం మాకు. ఈ బేరం ఏటా నడుస్తోంది.

బండ్ల చక్రాల పక్కన మనుషులు నడుస్తుంటారు, వాళ్లని బండి దేవదూతలు అంటారు. పిల్లలు చాక్లెట్ కోసం చక్రం కిందికి దూరకుండా చూడ్డమే వాళ్ల పని. అయినా మీ పిల్లల చెయ్యి మీరే పట్టుకోండి. గుర్రాలు వచ్చినప్పుడు రెండడుగులు వెనక్కి జరగండి.

సోమవారం

రోజెన్‌మోంటాగ్. ఇది ప్రభుత్వ సెలవు కాదు గాని ఊళ్లో సగం ఆఫీసులు మూస్తారు. ఊరేగింపు పొద్దున పదింటికి దక్షిణ పేటలోని క్లోడ్విగ్ చౌకు వైపు మొదలై, ఏడెనిమిది కిలోమీటర్లు నడిచి, సాయంత్రం దాకా సాగుతుంది. దాదాపు పన్నెండు వేల మంది నడుస్తారు, చూడ్డానికి లక్షల్లో జనం. మొదలయ్యే చోట నిలబడితే త్వరగా ఇల్లు చేరొచ్చు. చివర్లో నిలబడితే, అప్పటికి సంచులు ఖాళీ చేసేద్దామని చూస్తుంటారు కాబట్టి, దోసిళ్లతో పోస్తారు. ఆ పూట ఫోన్ సిగ్నల్ అందదు. తప్పిపోతే కలుసుకునే చోటు ముందే అనుకోండి. పెద్ద చర్చి ముందు అనుకోకండి, ఊరంతా అదే అనుకుంటుంది. కారు సంగతి మర్చిపోండి, ట్రామ్ లేదా నడక.

చూస్తున్నదేమిటో కొంచెం తెలిస్తే ఇంకా రుచిస్తుంది. 1815 తర్వాత కొలోన్ ప్రష్యా రాజ్యం కిందికి వచ్చింది. 1823లో ఊళ్లోని పెద్దమనుషులు ఒక కమిటీ వేసి కార్నివాల్‌ని ఒక పద్ధతిలో పెట్టారు, మొదటి సోమవారం ఊరేగింపు ఆ ఏడాదే. అప్పటి నుంచీ ఉన్నవాళ్లే ఎర్ర యూనిఫాంల రోటె ఫుంకెన్. సైనికుల్లా కనిపిస్తారు, చేతుల్లో కొయ్య తుపాకులు. ఇద్దరేసి వీపులు కలుపుకుని, మోకాళ్లు వంచి, పిర్రలు రాసుకుంటూ డాన్సు చేస్తారు. పటాలాన్ని ఇంతకన్నా బాగా వెక్కిరించడం కష్టం.

ఆఖరి బండ్ల దగ్గర ముగ్గురు వస్తారు: రాజకుమారుడు, రైతు, కన్య. కన్య వేషం వేసేది మగవాడే, జడలూ కిరీటంతో. నాజీల కాలంలో మగవాడు ఆడవేషం వెయ్యడం నచ్చక 1938, 1939 రెండేళ్లు ఆడవాళ్లతో వేయించారు. తర్వాత మళ్లీ పాత పద్ధతే. మొదటిసారి ఆ కన్యని చూసినప్పుడు మా వీధి చివర కిరాణా కొట్టాయన జాతర మంగళవారం నాడు పట్టుచీర కట్టుకుని, మీసం తీసేసి, వడ్డాణం పెట్టుకుని నడిచిన తీరు గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను.

బండ్ల మీద రాజకీయ నాయకుల పెద్దపెద్ద బొమ్మలుంటాయి, ఎవరినీ వదలరు. 2021లో కోవిడ్ వల్ల వీధిలో ఏమీ లేదు. ఊరి బొమ్మలాట థియేటర్ వాళ్లు బొమ్మలంత చిన్న ఊరేగింపు చేస్తే టీవీలో చూశాం. 2022లో సరిగ్గా ఆడవాళ్ల గురువారం నాడే రష్యా యుక్రెయిన్ మీద దాడి మొదలుపెట్టింది. సోమవారం ఊరేగింపు ఆపేసి శాంతి ప్రదర్శన పెట్టారు, రెండున్నర లక్షల మంది వచ్చారు. జోకర్ ముక్కులు పెట్టుకున్నవాళ్లు నీలం పసుపు జెండాలు పట్టుకుని నడిచారు. నేను ఆ పేలికల కోటుతోనే వెళ్లాను. వేసుకోవాలా వద్దా అని పొద్దున్నంతా తేల్చుకోలేకపోయాను, అక్కడికి వెళ్లాక చూస్తే సగం మంది నాలాగే వచ్చారు.

సారాయి దుకాణం మర్యాదలు

ఊరేగింపు అయ్యాక అందరూ క్నైపెల్లోకి దూరతారు, అంటే పేట బార్లు. కార్నివాల్ రోజుల్లో కుర్చీలూ బల్లలూ తీసేస్తారు, నిలబడే పాడటం. బయట చలి, లోపల కుంపటి. ఉల్లిపాయలా పొరలు పొరలుగా వేసుకోండి. ఇక్కడి బీరు క్యోల్ష్, 200 మిల్లీలీటర్ల సన్నగ్లాసులో వస్తుంది. మామూలు రోజుల్లో అయితే గ్లాసు ఖాళీ అవగానే అడక్కుండానే ఇంకోటి పెట్టి, అట్టబిళ్ల మీద గీత గీస్తారు. చాలనుకుంటే ఆ అట్టబిళ్లని గ్లాసు మీద మూతలా పెట్టాలి. మన ఇళ్లలో విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినట్టన్నమాట. తాగనివాళ్లకి ఫాస్‌బ్రౌజె అని పళ్ల రుచి సోడా దొరుకుతుంది, ఎవరూ వింతగా చూడరు.

తిండి పేర్లతో మోసపోకండి. "హాల్వర్ హాన్" అంటే మాటవరసకి సగం కోడి. మా ఆయన ఆశగా ఆర్డరిస్తే రై రొట్టె మీద చీజ్ ముక్క వచ్చింది. శాకాహారులకి మాత్రం వరం. "కొలోన్ కేవియర్" అంటే చేపగుడ్లు కాదు, రక్తపు సాసేజి. "ఆకాశం, భూమి" అన్న అందమైన పేరున్న పళ్లెంలో ఆపిల్, ఆలుగడ్డ ముద్దలతో పాటు అదే సాసేజి ఉంటుంది. బంగాళాదుంప తురుముతో చేసిన అట్లు, రైబెకూహెన్, ఆపిల్ గుజ్జుతో ఇస్తారు. నేను జేబులో పచ్చిమిరపకాయ పచ్చడి చిన్న సీసా పెట్టుకుని వెళ్తాను, ప్లాస్టిక్‌ది.

పాటలన్నీ కొలోన్ యాసలో ఉంటాయి. మాటలు రాకపోయినా పల్లవి పట్టుకోండి, పక్కవాళ్ల భుజం పట్టుకుని ఊగండి. హాళ్లలో టిక్కెట్టు పెట్టి జరిగే సభలు కూడా ఉన్నాయి, హాస్య ప్రసంగాలతో. కానీ యాస అర్థం కాకపోతే అష్టావధానంలో కూర్చున్న పరాయి దేశస్థుడి పరిస్థితే. మొదటి ఏడాది వద్దు.

ముద్దు సంగతి కూడా చెప్పాలి, అమ్మాయిలు దీని గురించి చాటుగా అడుగుతారు. బ్యుట్స్యె అంటే బుగ్గ మీద, పెదాలు మూసి పెట్టే చిన్న ముద్దు, అంతే. అదీ ఇద్దరికీ ఇష్టమైతేనే. తల అడ్డంగా ఊపితే మర్యాదస్తులు నవ్వి చెయ్యి ఊపి వెళ్లిపోతారు. వెళ్లనివాడు కార్నివాల్ చెయ్యడానికి రాలేదని అర్థం, గట్టిగా అరవండి, పక్కవాళ్లు కలగజేసుకుంటారు. ఇబ్బంది పడ్డ ఆడవాళ్లకి సాయం చెయ్యడానికి ఎడెల్‌గార్డ్ అనే సహాయ కేంద్రం కూడా పెడతారు. ఒంటరిగా వెళ్లకండి, ఇంటికి ఎవరెవరు కలిసి వస్తున్నారో ముందే మాట్లాడుకోండి.

మంగళవారం రాత్రి

టూరిస్టులు సోమవారం రాత్రే వెళ్లిపోతారు. ఆ పొరపాటు చెయ్యకండి. మంగళవారం పేటల్లో ఊరేగింపులు. మేం ఉండే నిప్పెస్‌లో, ఎహ్రెన్‌ఫెల్డ్‌లో, మనం రోజూ రొట్టె కొనే బేకరీ అమ్మాయి, పాప డాక్టరు గారు, అందరూ నడుస్తారు, పేరు పెట్టి పిలిచి మరీ చాక్లెట్ ఇస్తారు.

కార్నివాల్ రోజుల్లో బార్ల గుమ్మాల పైన మనిషంత గడ్డిబొమ్మ వేలాడుతుంది, చూసే ఉంటారు. దాని పేరు నుబ్బెల్. ఇక్కడి యాసలో నుబ్బెల్ అంటే "ఎవడో ఫలానావాడు" అని, మనం ఎల్లయ్యో మల్లయ్యో అన్నట్టు. మంగళవారం అర్ధరాత్రి దగ్గర పడగానే దాన్ని దింపి, కొవ్వొత్తులతో, దొంగ ఏడుపులతో శవయాత్ర చేస్తారు. పాస్టరు వేషం వేసినవాడొకడు నేరాల చిట్టా చదువుతాడు. మన డబ్బంతా తాగించింది ఎవరు? "నుబ్బెల్!" పరాయివాడి భార్యకి ముద్దు పెట్టింది ఎవరు? "నుబ్బెల్!" మన ఫుట్‌బాల్ టీము ఓడిపోవడానికి కారణం ఎవరు? "నుబ్బెల్!" తర్వాత నిప్పంటిస్తారు. పక్కనున్న లావుపాటి పోలీసు వేషధారి నిజంగానే కళ్లు తుడుచుకోవడం చూశాను.

జాతర ఆఖరున తెల్లవారుజామున గంగమ్మ మట్టి విశ్వరూపాన్ని చెరిపేసి, ఆ మట్టి కోసం జనం ఎగబడే దృశ్యం ఎన్నిసార్లు చూశానో. ఆ మట్టి ప్రసాదం, ఈ గడ్డిబొమ్మ దోషి. రెండూ ఒకటని అనను. కానీ చూసి ఇంటికి నడిచేటప్పుడు ఒళ్లు అలాగే తేలికపడుతుంది. మొదటి ఏడాది ముసలావిడ నా చెవిలో, "నీ తప్పేదైనా ఉంటే దానిమీద వేసెయ్" అంది. హాంబుర్గ్ ఆయన టై గుర్తొచ్చింది. వేసేశాను.

మీకు చెయ్యాల్సింది పెద్దగా ఏమీ లేదు. పదకొండున్నరకల్లా మీ పేటలో బొమ్మ వేలాడుతున్న బారు దగ్గరికి వెళ్లండి, ఒక కొవ్వొత్తి పట్టుకెళ్లండి, నల్ల చున్నీ ఉంటే తల మీద వేసుకోండి. ఏడవడం మొదలుపెట్టండి. గొంతు కలిపేవాళ్లు చాలామంది ఉంటారు.

బుధవారం పొద్దున్న వీధులు ఊడ్చే బండ్లు తిరుగుతుంటాయి. చర్చిలో గత ఏడాది మట్టల ఆదివారం ఆకుల్ని కాల్చిన బూడిదతో నుదుట సిలువ గుర్తు పెడతారు. రాత్రి కోడిపుంజైన మేనేజరు సూటు వేసుకుని ఆఫీసుకొస్తాడు, ఎవరూ ఆ ఊసెత్తరు. మధ్యాహ్నం బార్లలో చేపల భోజనం ఉంటుంది, పులుపు పెట్టిన హెరింగ్ చేప, క్రీముతో. నాకు నచ్చదు.

కోటు సంగతి. దాన్ని వాషింగ్ మెషీన్‌లో వెయ్యకండి. నేను వేశాను. అరవై ముక్కలు ఊడి, డ్రమ్ములో ఒక ఎర్రచీర రంగు పోయి, మా ఆయన తెల్ల చొక్కాలు రెండు గులాబీ రంగుకి తిరిగాయి. బాల్కనీలో గాలికి ఆరేసి, మరకలున్న చోట మాత్రం తడిగుడ్డతో తుడవండి. ఊడిన ముక్కలు ఒక కవర్లో వేసి కోటు జేబులోనే పెట్టుకుంటే, నవంబర్ 11 లోపల ఏదో ఒక ఆదివారం కూర్చుని కుట్టుకోవచ్చు. నావి ఇంకా జేబులోనే ఉన్నాయి.